‘ఒక ఊరి కథ’కు దక్కవలసిన చోటు

హిందీ, ఉర్దూ కథాసాహిత్యానికి మేరువు వంటి ప్రేమ్‌చంద్ కథలు రెండు 1977లో చలనచిత్రాలుగా రూపొందాయి. ఆ రెండింటి దర్శకులూ వంగదేశీయులే. ఇద్దరూ తమ మాతృభాషను విడిచి పరభాషలో ఆ చిత్రాలను తీశారు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ని హిందీలో తీయగా, మృణాల్ సేన్ ‘కఫన్’ కథను ‘ఒక ఊరి కథ’ అనే పేరుతో తెలుగులో తీశారు. ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో మొదటిది ఉత్తమ హిందీ చిత్రంగాను, రెండవది ఉత్తమ తెలుగు చిత్రంగాను ఎంపికయ్యాయి. అంతవరకు ఆ రెండింటి నడక సమానమే. ఆ తరువాత దారులు వేరయ్యాయి. సాహిత్యానికీ సినిమాకూ గల సంబంధాన్ని గూర్చి చర్చ వచ్చినప్పుడల్లా రాయ్ చిత్రం ప్రస్తావనకు వస్తున్నది. సేన్ చిత్రం పేరు మాత్రం, అది పలికిన భాషనే మాట్లాడేవారిలో సైతం చాలామంది విని ఉండరు.

ఇందుకు కారణాలు లేకపోలేదు. ‘దానవీరశూరకర్ణ’, ‘అడవి రాముడు’ వంటి చిత్రాలు తెలుగునాట జనాన్ని ఉర్రూతలూగించిన సంవత్సరమది. పేరుమోసిన కథానాయకుడు గాని, కంటికింపైన వైభవం గాని లేని చిత్రం వాటి నడుమ నిలదొక్కుకోవడం కష్టమే. అంతకన్న బలమైన కారణం మరొకటి ఉంది. వంగదేశీయులకు అది పరభాషా చిత్రం. తెలుగువారికి అది పరదేశి తీసిన చిత్రం. కథ హిందీవారిది. ముఖ్యపాత్రధారులలో ఒకరు కన్నడ నటుడు, ఒకరు వంగనటి. ఇందరిదైన ఆ చిత్రాన్ని తనదని గట్టిగా చెప్పుకొన్న భాష ఏదీ లేకపోయింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత ఇక్కడ చక్కగా వర్తిస్తుంది.

ఆ చిత్రం విలువ తెలియాలంటే మూలకథను ఒకసారి తలచుకోవాలి. ‘కఫన్’ ప్రేమ్‌చంద్ జీవితపు చివరి దశలో వ్రాసిన కథ. చలికాలపు రాత్రి. గుడిసె ముందు ఆరిపోయిన నెగడు దగ్గర తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ కూర్చుండి, ఎవరి పొలంలోనో దొంగిలించి తెచ్చిన బంగాళదుంపలను కాల్చుకొని తింటుంటారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటినొప్పులతో అల్లాడుతుంటుంది. తాను లోనికి వెళ్తే దుంపలలో పెద్దవాటా రెండవవాడు తినివేస్తాడేమోనన్న శంకతో మాధవ్ కదలడు. తెల్లవారేసరికి ఆమె మరణిస్తుంది. శవంపై కప్పే వస్త్రం కోసం జమీందారు రెండు రూపాయలు విసిరివేయగా, ఊరంతా తిరిగి మొత్తం అయిదు రూపాయలు పోగుచేస్తారు. ఆ సొమ్ముతో అంగడికి వెళ్లిన తండ్రీకొడుకులు సాయంకాలానికి సారాదుకాణం చేరి అంతా తాగి, తిని, ఆడి, అక్కడే ఒరిగిపోతారు. కథ అంతే. చదవడానికి అరగంట పట్టదు. మరచిపోవడానికి జీవితం చాలదు.

ఇంత చిన్న కథను పూర్తి నిడివి చిత్రంగా మలచడంలో పెద్ద ప్రమాదం ఉంది. లేనిపోని సన్నివేశాలు చేర్చి పలుచన చేయడం సర్వసాధారణం. మృణాల్ సేన్ ఆ దారి పట్టలేదు. కథలోనే నిద్రాణమై ఉన్న రెండు బీజాలను గుర్తించి, వాటిని మొలకెత్తించారు.

మొదటిది తండ్రి పాత్రకు సంబంధించినది. రేయింబవళ్లు శ్రమించే రైతుల బ్రతుకు ఈ సోమరుల బ్రతుకుకన్న మెరుగ్గా లేని సమాజంలో ఇటువంటి మనస్తత్వం పుట్టడం వింత కాదని ప్రేమ్‌చంద్ కథ నడుమ తన మాటగా అంటారు. అది కథకుని వ్యాఖ్య. ఘీసూ నోట వచ్చినది కాదు. సేన్ ఆ వ్యాఖ్యను పాత్రకే అప్పగించారు. చిత్రంలో ఘీసూ వెంకయ్య అయ్యాడు. తాను పనిచేస్తే భూస్వామి గాదె నిండుతుందే తప్ప తన కడుపు నిండదని వెంకయ్య నమ్మకం. కనుక పని మానివేయడమే అతనికి తెలిసిన ఏకైక తిరుగుబాటు. సోమరితనం ఇక్కడ స్వభావదోషం కాదు, ఒక వికృతమైన సిద్ధాంతం. అది తప్పని ప్రేక్షకునికి తెలుస్తూనే ఉంటుంది. దానికి సమాధానం చెప్పబోతే మాత్రం మాట తడబడుతుంది.

వెంకయ్యగా నటించిన వాసుదేవరావు అంతకు రెండేళ్ల ముందే, 1975లో, శివరామ కారంత నవల ఆధారంగా బి.వి.కారంత్ తీసిన కన్నడ చిత్రం ‘చోమన దుడి’లో చోముడుగా నటించి జాతీయస్థాయిలో ఉత్తమ నటుడనిపించుకొన్నారు. ఆ చోముడు దున్నుకొనేందుకు తనదంటూ కాస్త నేల కోరి, అది దక్కక కుమిలిపోయిన దళితుడు. వెంకయ్య దున్నడమే వద్దన్నవాడు. పని కోసం పరితపించినవాని ముఖమే పనిని ధిక్కరించే ముఖంగా మారడం యాదృచ్ఛికమే కావచ్చును. అయినా రెండు చిత్రాలనూ చూసినవారికి చోముని నిరాశ వృద్ధాప్యంలో వెంకయ్యగా పరిణమించిందా అనిపించక మానదు.

రెండవ బీజం బుధియా. మూలకథలో ఆమెకు మాట లేదు, ముఖం లేదు. లోపలి నుండి మూలుగు మాత్రమే వినబడుతుంది. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుండి ఆ ఇంటికి ఒక తీరు ఏర్పడిందని, ఆమె కష్టంతోనే వీరిద్దరి పొట్టలు నిండాయని కథకుడు క్లుప్తంగా చెప్పి ఊరుకొంటారు. ఆ క్లుప్తత నుండే సేన్ నీలమ్మను సృష్టించారు. మమతా శంకర్ ధరించిన ఈ పాత్ర కిష్టయ్యను పెండ్లాడి ఆ గుడిసెకు వస్తుంది, పనిచేస్తుంది, ఇల్లు నిలబెట్టాలని చూస్తుంది, మామగారి సిద్ధాంతాన్ని ఎదిరిస్తుంది. చివరకు పనిచేసినది మరణిస్తుంది, పనిచేయనివారు బ్రతుకుతారు. వెంకయ్య వాదమే నెగ్గినట్లు కనబడే ఈ ముగింపు భరించలేనంత చేదు.

దీనికి ఆక్షేపణ ఉంది. బుధియా ఎవరో మనకు తెలియకపోవడంలోనే కథలోని క్రౌర్యం ఉన్నదని, ఆమెకు రూపం కల్పించి సేన్ ఆ క్రౌర్యాన్ని జాలిగా మార్చారని అనవచ్చును. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కథ గుండెపై కొట్టినంత సూటిగా చిత్రం కొట్టదు. అయితే ‘కఫన్’పై మరొక వైపు నుండి వచ్చిన విమర్శను కూడా గమనించాలి. భార్య ప్రాణం పోతుంటే దుంపలు తినే రాతిగుండె మనుషులుగా దళితులను చిత్రించడం అన్యాయమని హిందీ దళిత రచయితలలో కొందరు ఈ కథను తీవ్రంగా నిరసించారు. ఆ నిరసనకు నీలమ్మ పాత్రలో కొంత సమాధానం దొరుకుతుంది. ఆ గుడిసెలోనే శ్రమ, బాధ్యత, ఆత్మగౌరవం గల మనిషి కూడ ఉన్నదని చిత్రం చూపింది. మూలకథను అనుసరిస్తూనే దానితో వాదించడం ఉత్తమమైన అనుసరణ లక్షణం. ఈ విషయంలో ‘ఒక ఊరి కథ’ను ‘శత్రంజ్ కే ఖిలాడీ’ సరసన నిస్సంకోచంగా నిలపవచ్చును.

తెలుగు తన భాష కాని దర్శకుడు తెలుగు పల్లెను ఏమి చూపగలడని కొందరు సందేహించవచ్చును. సేన్‌కు ఇది కొత్త సాహసం కాదు. 1966లోనే కాళిందీచరణ్ పాణిగ్రాహి నవలను ‘మటీర మణిష’ పేరుతో ఒడియాలో తీశారు. తెలుగులో ఆయన ఒంటరీ కాదు. శ్యామ్ బెనెగల్ ‘అనుగ్రహం’, గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ ఆ తరువాతి రెండు మూడేళ్లలో వచ్చినవే. వీటిలో ‘మా భూమి’ని తెలుగువారు తమదిగా అక్కున చేర్చుకొన్నారు. దానికి పోరాట చరిత్ర అండ ఉంది, పాట అండ ఉంది. వెంకయ్యకు అటువంటి అండ ఏదీ లేదు. అతడు ఏ జెండా పట్టలేదు, ఏ పాటా పాడలేదు. ప్రేమించదగిన వాడు కూడ కాడు. బహుశా అందుకే అతడిని ఎవరూ తలచుకోలేదు.

కార్లోవీ వారీ అంతర్జాతీయ చిత్రోత్సవంలో ప్రత్యేక గుర్తింపు పొందిన చిత్రమిది. మృణాల్ సేన్ 2018లో కన్నుమూసినపుడు ‘భువన్ షోమ్’ను స్మరించినంతగా దీనిని స్మరించినవారు అరుదు. తెలుగు విద్యార్థులు హిందీ పాఠాలలో ప్రేమ్‌చంద్‌ను తరతరాలుగా చదువుతున్నారు. ఆయన కథ ఒకటి తమ భాషలోనే, తమ పల్లె మట్టిలోనే తెరకెక్కిందన్న సంగతి ఆ పాఠం ప్రక్కన ఒక్క వాక్యంగానైనా చేరవలసి ఉంది.