కస్టమర్ చూసే స్క్రీన్‌కి ఏ ప్యానెల్?

లినక్స్‌లో రెండో మానిటర్ పెట్టగానే మనలో చాలామంది మెయిన్ స్క్రీన్ ప్యానెల్‌నే అక్కడా అచ్చంగా పెట్టేస్తారు. ఇంట్లో ఓకే. షాపులో మాత్రం వద్దంటాను.

నంద్యాలలో డీటీపీ సెంటర్‌వాళ్లు పెళ్లి కార్డు ప్రూఫ్ చూపించాలన్నా, ఆళ్లగడ్డలో శిల్పులు విగ్రహం డిజైన్ చూపించాలన్నా రెండో స్క్రీన్‌ని కస్టమర్ వైపు తిప్పి పెట్టుకోవచ్చు. కానీ అక్కడ పూర్తి టాస్క్‌బార్ ఉంటే? ఇంకొకరి ఆధార్ ఫైల్ పేరు కూడా ఆయన కళ్ల ముందే!

ఎక్స్‌ఎఫ్‌సీఈలో దీనికి ఐదు నిమిషాలు చాలు. ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో కొత్త ప్యానెల్ యాడ్ చేసి, అవుట్‌పుట్ దగ్గర రెండో మానిటర్ ఎంచుకోండి. అందులో విండో బటన్స్ ఒక్కటే ఉంచి, అన్ని మానిటర్ల విండోలు చూపించే ఆప్షన్‌కి టిక్ తీసేయండి. నోటిఫికేషన్లు ప్రైమరీ డిస్‌ప్లేకి మార్చండి. మౌస్ ఉన్నచోటే రావాలని సెట్ చేసి ఉంటే, మౌస్ అటు వెళ్లినప్పుడు వాట్సాప్ మెసేజ్ కూడా అటే వెళ్తుంది. కేడీఈ ప్లాస్మాలో అయితే టాస్క్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ప్రస్తుత స్క్రీన్ విండోలు మాత్రమే చూపించే ఆప్షన్ ఉంది.

గ్నోమ్ టాప్ బార్ డిఫాల్ట్‌గా ప్రైమరీ స్క్రీన్‌లోనే వస్తుంది. అది నచ్చక ఎక్స్‌టెన్షన్లు వెతికేవాళ్లు చాలామంది. కౌంటర్ మీద మాత్రం ఆ ఖాళీయే మేలని నా అభిప్రాయం.

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. పాత పీసీకి లినక్స్ వెయ్యమని తెలిసిన షాపువాళ్లు మనల్నే అడుగుతారు. థీములు, ఐకాన్లు తర్వాత. ముందు ఆ రెండో ప్యానెల్ సంగతి చూడండి.