పిప్పి పన్నుకు గోలీలు ఒక్కటే చాలవు

మొన్న దసరాకు మా లైన్ వాళ్ళమంతా మాహూర్ పోయినం. మెట్లెక్కి రేణుకామాత దర్శనం చేసుకున్నం. దంచిన తమలపాకు తాంబూలం అక్కడి ప్రసాదం. అందరం నోట్లో వేసుకుంటే పక్కింటి వదిన మాత్రం కొంగున కట్టుకున్నది. ఎందుకంటే చెంప చూపించింది. దవడ ఇంతెత్తు ఉబ్బింది.

"పోయిన నెలా ఇట్లనే అయింది. మెడికల్ షాపుల ఆరు గోలీలు కొన్న. నాలుగేసుకుంటే తగ్గింది. మిగిలిన రెండు పిల్లగాని జ్వరానికి వేసిన" అన్నది. డాక్టర్ దగ్గరికి పోతే ఒక రోజు కూలీ పోతుందని ఆమె లెక్క.

ఈ లెక్క మనందరి ఇళ్ళలో ఉన్నదే. కానీ తప్పు లెక్క. మింగిన మందు రక్తంతో పాటే ఒళ్ళంతా తిరుగుతుంది. పుచ్చు లోతుకు దిగితే పన్ను లోపలి నరం, రక్తనాళాలు చచ్చిపోతాయి. రక్తమే పోని చోటికి మందెట్ల పోతుంది? చుట్టూ వాపు తగ్గుతుంది, క్రిములు లోపలే ఉంటాయి. నెల తిరగకుండా మళ్ళీ లేస్తాయి. అందుకే చీము తీయాలి, రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను పీకాలి. జ్వరం వచ్చినా, వాపు పాకుతున్నా డాక్టర్ వాటితో పాటు యాంటీబయాటిక్ రాస్తారు. అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో చెప్పింది కూడా ఇదే.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే హెచ్చరించాడు: చాలీచాలని మోతాదు వేస్తే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని. కాబట్టి డాక్టర్ చెప్పినన్ని రోజులు వేసుకోండి. మిగిలినవి ఇంకొకరికి ఇవ్వకండి. పెన్సిలిన్ పడని వాళ్ళు ముందే చెప్పండి. మెట్రోనిడజోల్ రాస్తే ఆ రోజుల్లో కల్లు, సారా ముట్టొద్దు.

వాపు గదవ కిందికి దిగినా, నోరు తెరుచుకోకున్నా, మింగరాకున్నా, ఊపిరి ఆడకున్నా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖానకు పోవాలి. ప్రాణం మీదికి వస్తుంది.

వదిన సోమవారం సర్కారీ దవాఖానకు పోయింది. చీము తీసి, పన్ను పీకినారు. "ఒక రోజు కూలీ పోయింది, పన్ను పోయింది, నొప్పీ పోయింది" అని నవ్వింది. కొంగులో తాంబూలం అప్పటికే ఎండిపోయింది.