వాలులో పుట్టే విద్యుత్తు – పొదుపులో వాటా ఎవరిది?

ఘాట్ దిగే రైలును అదుపు చేయడానికి చక్రాన్ని బ్రేకు దిమ్మెతో ఒరిపించడమొక్కటే మార్గం కాదు. దిగుడులో ఇంజను మోటార్లే జనరేటర్లుగా మారి, బండి వేగాన్ని విద్యుత్తుగా పైతీగకు తిరిగి ఇస్తాయి. 37 అడుగులకు 1 అడుగు వాలుగల భోర్ ఘాట్‌లో "మొసలి" ఇంజన్లు 1930 నాటికే ఈ పని చేశాయి. 1997లో జపాన్‌లో వెలువడిన టయోటా ప్రియస్ వంటి హైబ్రిడ్ కార్లూ ఇదే సూత్రంతో వాలు దిగుతాయి. ఆ విద్యుత్తును బ్యాటరీలో దాచుకుంటాయి.

అయితే బ్యాటరీ నిండితే విద్యుత్తుకు చోటుండదు. అప్పుడు ఇంధనమివ్వకుండా పెట్రోలు ఇంజనును తిప్పి, దాని నిరోధంతోనే కారును నెమ్మదింపజేయాలి. రైలుకూ ఇటువంటి హద్దులున్నాయి. పైతీగలో విద్యుత్తు పోతే తిరిగి ఇవ్వడమూ ఆగిపోతుంది. పైగా ఈ బ్రేకు ఇంజను చక్రాలకే పరిమితం. వెనుకనున్న వ్యాగన్లను పట్టేది గాలి బ్రేకే. ఆగిన బండిని వాలుపై నిలిపి ఉంచేదీ ఇది కాదు.

కనుక విద్యుత్ పొదుపును సాకుగా చూపి క్యారేజ్, వ్యాగన్ సిబ్బంది పోస్టులను గాని, ఘాట్ శిఖరాన బ్రేకు పరీక్షకు పట్టే నిమిషాలను గాని తగ్గించరాదని మేము స్పష్టం చేస్తున్నాము. ప్రయాణికుని ప్రాణానికీ, తపాలా సంచికీ రక్ష ఆ పరీక్షే. యంత్రం మిగిల్చిన సొమ్ములో తొలి వాటా బ్రేకుల నిర్వహణకూ, లోకో పైలట్ విశ్రాంతికీ చెందాలి. ఇది దయ కాదు, న్యాయమైన హక్కు.