గీత గీసింది ఎవరు?

ఆఫ్రికా పాఠం వచ్చిందంటే మా బడుల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. 'అక్కడ తెగలు తెగలుగా కొట్లాడుకుంటారు, అందుకే ఆ పేదరికం.' ఆ మాట అనే గదిలోనే మేమూ కూర్చుని ఉంటాం. మమ్మల్నీ తెగలనే అంటారు. అందుకే ఈ మాటను మేము వదిలిపెట్టం.

1884 నవంబరులో బెర్లిన్‌లో 14 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆఫ్రికా ఖండాన్ని ఏ పద్ధతిలో ఆక్రమించుకోవాలో నియమాలు రాసుకున్నారు. ఆ ఖండం మనిషి అక్కడ ఒక్కడూ లేడు. 1914 నాటికి ఇథియోపియా, లైబీరియా తప్ప దాదాపు ఖండమంతా యూరప్ చేతికి చిక్కింది. గీతలు పశువులు మేసే బీళ్ల మీదుగా పోయాయి. మసాయిలలో కొందరు ఇప్పటి కెన్యాలో, కొందరు టాంజానియాలో పడ్డారు. సోమాలీలను బ్రిటన్, ఇటలీ, ఫ్రాన్స్, ఇథియోపియా పంచుకున్నాయి.

గీతల వెనకే దోపిడీ వచ్చింది. గుడిసెకింత అని పన్ను వేశారు. పన్నుకు రొక్కం కావాలంటే తెల్లవాళ్ల గనికో తోటకో కూలికి పోవాలి. 1898లో సియెర్రా లియోన్ జనం ఆ పన్ను మీద తిరగబడ్డారు. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ పాలనలో రబ్బరు కోసం ఊళ్లు తగలబెట్టారు, చేతులు నరికారు. దక్షిణాఫ్రికాలో 1913 భూమి చట్టం జనాభాలో మూడింట రెండు వంతులున్న నల్లవాళ్లకు సుమారు 7 శాతం నేల మిగిల్చింది. రైలు పట్టాలు గని నుంచి ఓడరేవుకు పోయాయి. ఊరికీ ఊరికీ కలపడానికి వేసినవి తక్కువ.

మరి రువాండా సంగతేమిటని అడుగుతారు. అక్కడ హుటులదీ టుట్సీలదీ ఒకటే భాష, అవే కొండలు. 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డుల మీద ఎవరు ఏ జాతో అచ్చు వేశారు. 1994లో దారులు కాసినవాళ్లు ఆ కార్డులు చూసి చంపారు. చంపినవాళ్ల నేరం చంపినవాళ్లదే, మేము దాచం. కానీ ఆ కార్డు చేసిన చెయ్యి పాఠంలో ఎందుకు కనబడదు?

స్వతంత్రం వచ్చాక వాళ్ల నాయకులే తిన్నారంటారు. నిజమే, మొబుటు తిన్నాడు. అతన్ని ముప్పై ఏళ్లు నిలబెట్టింది అమెరికా, ఫ్రాన్స్, బెల్జియం. ఈనాటికీ ప్రపంచంలో సగానికి పైగా కోకో పండించేది ఘనా, ఐవరీ కోస్ట్. చాక్లెట్ లాభం మాత్రం వేరే ఖండాలకు పోతుంది.

మాకిది దూరపు కథ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మా అడవులు సర్కారు అడవులయ్యాయి. కోయలు, గోండులు ఇవాళ ఎన్ని రాష్ట్రాల్లో చీలి ఉన్నారో చూడండి. ఆ హద్దులు పెట్టినప్పుడు మమ్మల్ని అడిగింది ఎవరు?

పంతుళ్లారా, ఈసారి ఆ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి. ఈ నేల ముందు ఎవరిది? గీత గీసింది ఎవరు? రైలు ఎటు పోయింది? తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మాష్టారు రాయకపోతే మీరే లేచి అడగండి. 'తెగ' అనే మాటకు తల వంచుకోకండి. మా తెగలు ఖండాలను ముక్కలు చేయలేదు.