సంఘం గడప ఏడాదికొకసారి తొక్కితే చాలునా?

మృగశిర కార్తె వచ్చిందంటే సహకార పరపతి సంఘాల ముందు రైతులు బారులు తీరుతారు. కోతలయ్యాక మళ్లీ ఆ గడప తొక్కేవారు తక్కువ. కిసాన్ క్రెడిట్ కార్డు మంజూరు కాలేదనీ, పరిమితి పెంచలేదనీ రచ్చబండ వద్ద వినిపించే ఫిర్యాదులకు ఇదొక ముఖ్య కారణమని ఈ విలేకరి అభిప్రాయం.

1998లో ఈ కార్డు వచ్చినప్పుడు పాసుపుస్తకం, వేసే పంట చూసేవారు. నేడు వాటితోపాటు సిబిల్ లెక్క కూడా చూస్తున్నారు. 300 నుంచి 900 వరకు ఉండే ఆ మార్కు పొలం ఎన్ని ఎకరాలో చెప్పదు. తీసుకున్న అప్పు గడువుకు కట్టినదీ లేనిదీ చెబుతుంది. జామీను పడినవారి లెక్కలోనూ ఆ అప్పు కనబడుతుంది గనుక బావమరిదికి మొహమాటపడి చేసే సంతకమైనా ఆలోచించి చేయవలసిందే.

3 లక్షల లోపు పంట రుణానికి నూటికి ఏడాదికి 7 రూపాయల వడ్డీ. గడువులోగా కడితే 3 రూపాయల రాయితీ పోను 4 రూపాయలే. అంటే లక్షకు 4 వేలు. అదే లక్ష బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 వేలు. ఈ తేడా తెలియని రైతు లేడు. అయినా మాఫీ వస్తుందన్న ఆశతో, కట్టగలిగినవారు కూడా ఆగిపోతున్నారు. తెలంగాణలో 2014లోనూ 2024లోనూ మాఫీలు వచ్చిన మాట నిజమే. కాని రాయితీ, మార్కు రెండూ పోగొట్టుకుని ఎన్నేళ్లు ఎదురుచూడగలరు?

ఇక బుక్ అడ్జస్ట్‌మెంట్ సంగతి. వడ్డీ వ్యాపారి వద్ద రెండు రోజులకు సొమ్ము తెచ్చి, పాత బాకీ కట్టినట్టు రాయించి, కొత్త అప్పు తీసి అతనికే ముట్టజెప్పడం. కాగితం మీద రైతు మంచి ఖాతాదారే. చేతికి దక్కింది మాత్రం శూన్యం. కొన్నిచోట్ల సిబ్బందే ఈ దారి చూపడం విచారకరం.

మన మహిళా పొదుపు సంఘాలను చూడండి. నెలనెలా పొదుపు, సమావేశం, లోపల ఇచ్చిపుచ్చుకున్న అప్పుల పద్దు ఆరు నెలలు సక్రమంగా నడిపి, ఆ పిమ్మటే బ్యాంకుకు వెళుతున్నారు. 1956లో స్థాపించిన ముల్కనూరు సహకార సంఘం అప్పు ఇస్తుంది, ఎరువులు ఇస్తుంది, సభ్యుని పంట కొని బాకీ జమ కట్టుకుంటుంది. అక్కడ లావాదేవీ ఏడాది పొడవునా సాగుతుంది. మనవద్ద ధాన్యం సొమ్ము వేరే బ్యాంకులో పడుతుంది, సంఘంలో ఖాతా ఖాళీగా ఉంటుంది. కొంతైనా అందులో వేసి తీసుకుంటూ ఉంటే కార్యదర్శికి మనిషి తెలుస్తాడు.

తప్పంతా రైతుదే అనడం లేదు. కట్టిన బాకీని లెక్కలో ఎక్కించని కార్యాలయాలూ ఉన్నవి. సిబిల్ లెక్కను ఏడాదికొకసారి ఉచితంగా పొందవచ్చు. తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయాలి, లేకుంటే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 నుంచి నిబంధన అమలులో ఉన్నది. ఈ సంగతి గ్రామాల్లో ఎవరు చెప్పారు? కౌలు రైతులూ ఈ కార్డుకు అర్హులే. వారు వెళితే భూమి కాగితాలు అడుగుతున్నారు.

వానాకాలం రుణాలు మొదలు కాకముందే సంఘాల వారు ప్రతి సభ్యునికి గడువు తేదీ, బాకీ రాసిన చీటీ అందజేయాలి. జిల్లా సహకార అధికారి ఈ విషయమై వెంటనే ఆదేశాలు ఇవ్వవలసి ఉన్నది.