అటక మీది తుపాకీ, అడగని వాంగ్మూలం

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒక పల్లె. అడవి అంచు. ఏనుగులు, అడవిపందులు చేలమీద పడే చోటు. కొన్నేళ్ళ కిందట అక్కడినుంచి ఒకామె మా సంఘానికి వచ్చింది. భర్త లేడు, ఒక్కడే కొడుకు. వాడి దగ్గర నాటు తుపాకీ దొరికిందని ఆయుధాల చట్టం కింద కేసు పెట్టి రిమాండుకు పంపారు. నేను వకీలును కాను. కోర్టుకు తోడు వెళ్ళటం, కాగితాలు చదివి వినిపించటం, బస్సు చార్జీలకు చందా అడగటం - నా పని అంతవరకే. ఈ కేసులో కూడా అదే చేశాను. చేస్తూ చేస్తూ నేర్చుకున్నదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఆమె చెప్పింది ఇది: "తెల్లారకముందే వచ్చినారు మా. అటకెక్కి చింతపండు కుండలన్నీ కింద పడేసినారు. ఆ తుపాకి నా మొగుడు బతికున్నప్పటిది. తుప్పు పట్టి మూలన పడుండాది. అది ఆడుండాదని వాడికి తెలీనే తెలీదు. వాడితో పాటు నన్నూ జీపెక్కించినారు. పొద్దుగూకిందాకా టేషన్లో కూచోబెట్టి, తెల్లకాగితం మింద యేలిముద్ర ఏపిచ్చుకోని పంపించినారు. ఒక్క మాట అడగలే."

తర్వాత చార్జిషీటు వచ్చింది. ఉదయం పదకొండు గంటలకు బైపాసు రోడ్డు దగ్గర గోనెసంచితో అనుమానాస్పదంగా తచ్చాడుతున్న వ్యక్తి, పోలీసులను చూసి పరుగెత్తబోగా పట్టుకున్నారట. మధ్యవర్తుల సమక్షంలో నేరం ఒప్పుకున్నాడట. సంచిలో తుపాకీ. మధ్యవర్తుల్లో ఒకరు వి.ఆర్.వో., రెండోవారు ఆ స్టేషన్ వేసిన మరికొన్ని కేసుల్లోనూ మధ్యవర్తి. నేను మొత్తం చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని ఒకే ప్రశ్న అడిగింది: "మరి నేను యాడుండాను ఇందులో?"

ఎక్కడా లేదు. ఇల్లు లేదు, అటక లేదు, కుండలు లేవు, ఆమె లేదు.

ఎందుకు లేదు? అది బద్ధకం కాదు, తెలివి. ఆయుధం ఇంట్లో దొరికితే చాలదు. అది అక్కడుందని తెలిసి, తన ఆధీనంలో ఉంచుకున్నాడని ప్రాసిక్యూషన్ చూపాలి. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందదే, 1994లో సంజయ్ దత్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందీ అదే. అటక మీద చచ్చిపోయిన తండ్రి దాచిన తుపాకీ అంటే కొడుకుకు తెలుసని చూపటం కష్టం. చేతి సంచిలో దొరికిందంటే ఆ కష్టమే లేదు. అందుకే తుపాకీ అటక దిగి బైపాసు దాకా నడిచింది. అది నడవలేదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే. అందుకే ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమె మీద ఇంకో చట్ట ఉల్లంఘన కూడా జరిగింది. ఆడవాళ్ళను విచారణకు స్టేషనుకు పిలిపించకూడదు, వాళ్ళున్న చోటికే వెళ్ళి అడగాలి అని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 179వ సెక్షన్ చెబుతోంది. ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని స్టేషనుకు రమ్మన్నప్పుడు, 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సెక్షన్ ఎత్తి చూపి పోలీసులను గట్టిగానే మందలించారు. మాజీ ముఖ్యమంత్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగింది. మా చింతపండు కుండల మనిషి ఎక్కడికి వెళ్తుంది?

తెలుగు నేలమీద ఈ మోసాలు కొత్తవి కావు. సాక్ష్య చట్టం చదివే ప్రతి విద్యార్థీ పేరు విన్న పులుకూరి కోటయ్య కేసు గుంటూరు జిల్లాది. ఊరి తగాదాలో హత్య. ఒక ముద్దాయి, పోలీసు కస్టడీలో, బల్లెం గడ్డివామిలో దాచానని చెప్పాడు. ఆ మాటతో పాటు ఎవరెవరు మాటువేసి కొట్టారో, ఎట్లా చంపారో అంతా కలిపి సాక్ష్యంగా పెట్టేశారు. బల్లెం దొరికింది కాబట్టి మొత్తం మాటా చెల్లుతుందని వాదన. 1946 డిసెంబరులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని ఒప్పుకోలేదు. వస్తువు ఎక్కడుందో చెప్పిన మేరకే చెల్లుతుంది, దానితో ఏం చేశానో చెప్పింది చెల్లదు అంది. తీర్పులో అంతగా ఎవరూ గుర్తుపెట్టుకోని ఇంకో భాగం ఉంది. సర్కిల్ ఇన్స్పెక్టరు తన నోటుబుక్కులో రాసుకున్న సాక్షుల వాంగ్మూలాలను ముద్దాయిలకు సకాలంలో ఇవ్వలేదు. అది తప్పేనని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది. ఒప్పుకొని, ముద్దాయిలకు నష్టం జరగలేదు కాబట్టి విచారణ చెల్లుతుంది అంది.

తప్పే, కానీ చెల్లుతుంది. ఎనభై ఏళ్ళుగా మన కోర్టుల పాట ఇదే. 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సోదాలకు కూడా పాడింది: సోదా చట్టవిరుద్ధమైనా, దొరికిన వస్తువు కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా తీసుకోవచ్చు. మాదకద్రవ్యాల చట్టం కింద శరీర సోదాల్లాంటి కొన్ని చోట్ల మాత్రం, 1999లో బల్దేవ్ సింగ్ కేసు తర్వాత, కాస్త కట్టుదిట్టం వచ్చింది. ఇంటి తలుపు తన్నటానికి మాత్రం ఇప్పటికీ ఏ మూల్యమూ లేదు.

అమెరికాలో ఈ మూల్యం కట్టించింది ఒక నల్లజాతి స్త్రీ కేసు. 1957లో క్లీవ్‌లాండ్‌లో, బాంబు కేసు అనుమానితుడు దాక్కున్నాడని డాలీ మాప్ ఇంటికి పోలీసులు వచ్చారు. వారంటు చూపమంది. ఒక కాగితం ఊపారు. ఆమె లాక్కుని రొమ్ముల మధ్య దోపుకుంది. చేతులు మెలిపెట్టి, బేడీలు వేసి, కాగితం గుంజుకుని, ఇల్లంతా చిందరవందర చేశారు. చివరికి కేసు పెట్టింది అశ్లీల పుస్తకాలు దొరికాయని. కోర్టులో ఆ వారంటు ఎన్నడూ కనబడలేదు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు, అక్రమంగా తెచ్చిన సాక్ష్యాన్ని రాష్ట్రాల కోర్టులు కూడా తోసిపుచ్చవలసిందేనని తీర్పు చెప్పింది. ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకొమ్మని అనటం లేదు. నల్లవాళ్ళమీద అక్కడి పోలీసుల దాష్టీకం మనకు తెలియనిది కాదు. కానీ 'వారంటు చూపు' అన్న ఆడమనిషి మాటకు చట్టంలో ఒక విలువ వచ్చింది. మన దగ్గర ఆ మాటకు చెంపదెబ్బే జవాబు.

ఇంక శేషాచలం సంగతి మాట్లాడకుండా తిరుపతిలో ఉండి ఈ విషయం ఎట్లా రాస్తాం? 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శ్రీవారి కొండల అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో ఇరవైమంది తమిళ కూలీలు చనిపోయారు. గొడ్డళ్ళతో, కొడవళ్ళతో, రాళ్ళతో తమమీద దాడి చేశారు కాబట్టి ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. బస్సుల్లోంచి దింపి తీసుకుపోయారని, తాము ఎట్లాగో తప్పించుకున్నామని బతికినవాళ్ళు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. ఆ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చవలసింది నేలమీద దొరికిన వస్తువులు, బతికినవాళ్ళ వాంగ్మూలాలు. ఆ వస్తువులు ఎవరి చేతుల్లో ఉన్నాయి? కాల్చినవాళ్ళ చేతుల్లో. తిరువణ్ణామలై జిల్లానుంచి ఒక మృతుని భార్య కోర్టులు పట్టుకు తిరిగితే తప్ప పోలీసులమీద హత్య కేసు నమోదు కాలేదు. ఆరు శవాలకు మళ్ళీ పోస్టుమార్టం జరిగింది కూడా హైకోర్టు చెబితేనే.

గొడ్డలి గురించి ఒక మాట. 1959 ఆయుధాల చట్టం 'ఆయుధం' అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలోనే, కేవలం ఇంటి పనికీ సేద్యానికీ చేసిన వస్తువులు ఆయుధాలు కావని రాసుంది. మన కత్తిపీట ఆయుధం కాదు, కోతల కొడవలి ఆయుధం కాదు. కానీ పోలీసుల పత్రికా సమావేశంలో బల్లమీద పరిచి ఫోటో తీయగానే అవి మారణాయుధాలైపోతాయి. కట్టెలు కొట్టుకునే ఆడవాళ్ళు అడవిలోకి మచ్చుకత్తి పట్టుకుపోతే ఫారెస్టువాళ్ళు లాక్కునేదీ ఈ పేరు చెప్పే.

ఎన్‌కౌంటర్ల విషయంలో 2014లో పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. కాల్చిన పోలీసులు తమ ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి అంటూనే, రాజ్యాంగం 20వ అధికరణం కింద వాళ్ళకున్న హక్కులకు లోబడి అని జాగ్రత్తగా చేర్చింది. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం ఇవ్వనక్కర్లేదన్న హక్కు ఉన్నది ఆ అధికరణంలోనే. పోలీసుకు ఆ హక్కు ఉండవలసిందే, నేను కాదనను. లాకప్పులో తెల్లకాగితంమీద వేలిముద్ర వేసినవాళ్ళకు కూడా ఎవరైనా దాన్ని గుర్తుచేస్తే బాగుండును.

మన సంఘాల్లోనే ఒక అభ్యంతరం వినిపిస్తుంది. సాక్ష్యాలను ఇట్లా తోసేస్తే హంతకులు తప్పించుకోరా అని. 2015 నవంబరు 17న చిత్తూరు మేయరు కఠారి అనూరాధను సొంత కార్యాలయంలోనే కాల్చి చంపారు. బురఖాలు వేసుకుని వచ్చారు దుండగులు. 2025లో చిత్తూరు కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. (ఉరిశిక్షను నేను ఏ కేసులోనూ సమర్థించను, ఆ చర్చ ఇంకోసారి.) ఇట్లాంటి కేసులో దొంగ పంచనామా వల్ల లాభపడేది ఎవరు? ముద్దాయిలే. పట్టుబడిన కత్తి ఎక్కడ దొరికిందో నిజం రాస్తేనే అప్పీలులో నిలబడుతుంది.

పోనీ వాకపల్లి చూడండి. 2007 ఆగస్టులో తమమీద అత్యాచారం చేశారని పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులమీద ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖపట్నం కోర్టు నిందితులను విడుదల చేస్తూనే, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. అక్కడ సాక్ష్యాన్ని కోర్టు తోసిపుచ్చలేదు, పోలీసులే సేకరించలేదు. మా పడమటి పల్లె తల్లి మాట రాయని చెయ్యీ, వాకపల్లి స్త్రీల మాటను నీరుగార్చిన చెయ్యీ ఒకటే. పేదవాడి దగ్గర లేని తుపాకీని ఉన్నట్టు రాయనిచ్చిన వ్యవస్థ, పోలీసు ఒంటిమీద ఉన్న రక్తాన్ని లేనట్టు రాయటానికి ఎందుకు జంకుతుంది?

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. పాత 25, 26, 27 సెక్షన్లు సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్లో కలిసిపోయాయి. ఒప్పుకోలు చెల్లదన్న రక్షణా ఉంది, వస్తువు దొరికితే చెల్లుతుందన్న సందూ ఉంది. సోదా, స్వాధీనం మొత్తాన్ని వీడియో తీసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని సురక్షా సంహిత 105వ సెక్షన్ అంటోంది. మంచిదే. తీయకపోతే? ఆ సెక్షన్లో జవాబు లేదు. స్టేషన్లలో సి.సి. కెమెరాలు పెట్టి రికార్డును పద్దెనిమిది నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దుగూకేదాకా ఆమె అక్కడ కూర్చున్న బొమ్మ ఒక్కటి ఉంటే బైపాసు కథ అక్కడే కూలేది. మేం అడగటం తెలుసుకునేసరికి ఏడాది ఎప్పుడో దాటింది. చదువుతున్న కార్యకర్తలకు చెబుతున్నా, అరెస్టయిన వారంలోనే ఫుటేజీ భద్రపరచమని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టించండి. ముద్దాయి చెప్పే మాటను స్టేషన్లోనే స్వతంత్ర సాక్షుల ముందు రాసి, ఆ తర్వాతే వస్తువు కోసం కదలాలని 2022లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పాటించారా లేదా అని వకీలును అడిగించండి.

అయితే మా డిమాండు వీడియోతో ఆగేది కాదు. వీడియో లేని సోదాలో దొరికింది చెల్లదని చట్టంలో రాయాలి. ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి వాంగ్మూలం నమోదు చేయని స్వాధీన పత్రం చెల్లదని రాయాలి. అప్పుడు చూద్దాం, తుపాకీలు ఎట్లా నడుస్తాయో.

ఆమె కొడుకు కేసు ఏమైందో చెప్పలేదు కదూ. ఆమె డిఫెన్సు సాక్షిగా బోనెక్కింది. తుపాకీ మా ఇంట్లోదే అంటే కేసు నీ మీదికే రావచ్చని వకీలు ముందే భయం చెప్పాడు. "వస్తే రానీ, ఉండేదే గదా చెప్పేది" అంది. ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదని పి.పి. గద్దించాడు. "అడిగితే గదయ్యా" అంది. నాలుగేళ్ళకు తీర్పు వచ్చింది. విడుదల. ఆయుధాల చట్టం 39వ సెక్షన్ కింద కలెక్టరు ముందస్తు అనుమతి లేదు కాబట్టి. అటకా బైపాసా అన్నది తేల్చవలసిన అవసరం లేదని కోర్టు రాసింది. కొడుకు అప్పటికే చిత్తూరు వదిలి బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయాడు.

ఆమెకు మాత్రం ఆ తెల్లకాగితం దిగులు పోలేదు. "దాని మింద ఏమి రాసుకున్నారో" అని వచ్చినప్పుడల్లా అడుగుతుంది. కోర్టు ఫైలంతా తిప్పించాం, అది లేదు. పోయిన నెల సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాం. ముప్ఫై రోజుల గడువు వచ్చే మంగళవారంతో అయిపోతుంది.