వంకర చేతిది కాదు

సెప్టెంబరు దగ్గరపడుతోందంటే మన విద్యాలయం చుట్టుపక్కల స్టేషనరీ దుకాణాల్లో రంగు కాగితాలు, మెరుపు కాగితాలు, ఫెవికాల్ డబ్బాలు గబగబా ఖాళీ అవుతాయి. 5వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవం. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన డా. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. ఆ వెనుకే దీపావళి, కొత్త సంవత్సరం వస్తాయి. ఈ పండుగల కార్డులు అన్ని పాఠశాలల్లోనూ ఉన్నవే. మన దగ్గర మరీ ఎక్కువగా కనబడే కార్డు ఇంకొకటి ఉంది. అది వీడ్కోలు కార్డు.

1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో మొదలైన కేంద్రీయ విద్యాలయాలు ఏర్పడిందే బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల కోసం. అందుకే మన తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు వెళ్లిపోతారు, ఎవరో ఒకరు వస్తారు. వెళ్లిపోయే స్నేహితుడి పెట్టెలో మనం చేసిచ్చిన కార్డు ఒకటి ఉంటుంది. అది జోధ్‌పూర్ వెళ్లినా, తేజ్‌పూర్ వెళ్లినా మన తరఫున మాట్లాడేది అదే. కాబట్టి ఆ కార్డు ఎలా ఉందన్నది చిన్న విషయమని నేను అనుకోను.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. పొరలు పొరలుగా కాగితాలు అంటించి చేసే కార్డులో అడుగున ఒక రంగు, దాని మీద ఒక రంగు, ఆ పైన బొమ్మ లేదా అక్షరాలు ఉంటాయి. ఎంత బాగా బొమ్మ వేసినా, పై కాగితం కాస్త పక్కకు ఒరిగితే ముందు కంటికి కనబడేది ఆ ఒరుగుడే. అప్పుడు పిల్లలు అనే మాట ఒక్కటే: "నా చేయి తిరగదు." పెద్దలు కూడా "వాడికి క్రాఫ్ట్ రాదులే" అని ముద్ర వేసేస్తారు. ఆరో తరగతిలో పడిన ఆ ముద్ర పన్నెండు దాకా పోదు. ఆ పిల్లవాడు తరువాత ఏ పోటీకీ పేరు ఇవ్వడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పొరలు తిన్నగా అంటించడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. అది ఒక పద్ధతి. నేర్పితే అందరికీ వస్తుంది. నేర్పకుండా పోటీ పెట్టి మార్కులు తగ్గించడం న్యాయం కాదు.

ముందు లెక్క చూద్దాం. ఎ4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే 105 మి.మీ. వెడల్పు, 148 మి.మీ. ఎత్తు గల కార్డు వస్తుంది. చుట్టూ 5 మి.మీ. అంచు కనబడాలంటే రెండో పొరను ఎంత కొలతకు కోయాలి? చాలామంది 5 తగ్గిస్తారు. కానీ అంచు రెండు పక్కలా ఉంటుంది కదా, తగ్గించాల్సింది 10. అంటే రెండో పొర 95 × 138, మూడో పొర 85 × 128. కోత దగ్గరే ఈ లెక్క తప్పితే ఎంత నేర్పుగా అంటించినా అంచులు సమానంగా రావు.

ఇక ఒక మిల్లీమీటరు తప్పు అంత పెద్దగా ఎందుకు కనబడుతుంది? పొర ఒక మిల్లీమీటరు ఎడమకు జరిగిందనుకోండి. ఎడమ అంచు 4 అవుతుంది, కుడి అంచు 6 అవుతుంది. జరిగింది ఒకటే, తేడా మాత్రం రెండు. అదే 3 మి.మీ. సన్నని అంచు పెట్టి ఉంటే ఒక పక్క 2, ఇంకో పక్క 4 అవుతాయి. అంటే ఒకటి రెండోదానికి రెట్టింపు! ఏ కన్నయినా పట్టేస్తుంది. 10 మి.మీ. అంచు పెడితే 9, 11 అవుతాయి, ఎవరూ గమనించరు. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు వెడల్పు అంచుతో మొదలుపెట్టాలి. దుకాణంలో కార్డులు చూసి సన్నని అంచుతో మొదలుపెడితే మొదటి రోజే నిరాశ తప్పదు.

తరువాత కోత సంగతి. కాగితం నాలుగు మూలలూ సరిగ్గా లేకపోతే దాన్ని తిన్నగా అంటించడం ఎవరి వల్లా కాదు. దీనికి పరీక్ష మన గణితం పుస్తకంలోనే ఉంది. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానమైతే అది దీర్ఘచతురస్రం. స్కేలుతో ఆ రెండు కర్ణాలు కొలిస్తే చాలు. జామెట్రీ బాక్సులో ఏడాదంతా ఊరికే పడి ఉండే మూలమట్టాలకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

ఇప్పుడు అంటించడం. చూపు అంచనాతో గాలిలోంచి కాగితాన్ని దించడం వల్లే సగం వంకరలు వస్తాయి. దానికి బదులు రెండు మందపాటి అట్టముక్కలను మూలమట్టం సాయంతో 'ఎల్' ఆకారంలో ఒక పాత అట్ట మీద అంటించుకోండి. కార్డు మూలను ఆ 'ఎల్' మూలలోకి నెట్టండి. 5 మి.మీ. వెడల్పున కోసిన రెండు అట్ట పట్టీలను కార్డు మీద, 'ఎల్' గోడలకు ఆనించి పెట్టండి. పై పొరను ఆ పట్టీలకు ఆనించి దించండి. అంచు దానంతట అదే 5 మి.మీ. వస్తుంది. చేయి వణికినా వస్తుంది. ఖర్చు ఏమీ లేదు, పాత నోటుబుక్కు అట్ట చాలు. తాపీమేస్త్రీ దారం కట్టుకుని ఇటుకలు పేరుస్తాడు. దారం కట్టినందుకు ఆయనకు పని రాదని ఎవరైనా అంటారా?

జిగురు విషయంలోనూ తెలుసుకోవాల్సింది ఉంది. ఫెవికాల్ లాంటి జిగురులో నీరు ఉంటుంది. కాగితంలోని నారపోగులు ఎక్కువగా ఒకే దిశలో పడి ఉంటాయి. నీరు తగిలితే అవి పొడవు కంటే అడ్డంగా ఎక్కువ ఉబ్బుతాయి. అందుకే కార్డు ఆరాక మెలి తిరుగుతుంది. కాగితాన్ని మడవకుండా మెల్లగా రెండు వైపులా వంచి చూడండి. సులువుగా వంగిన వైపు మడత పోగుల వెంట ఉన్నట్టు. అన్ని పొరల పోగులూ ఒకే దిశలో ఉంటే మెలి తగ్గుతుంది. జిగురు పలుచగా రాయాలి. ఉపాధ్యాయ దినోత్సవం కార్డులు మనం ఆగస్టు చివర్లో చేస్తాం. అప్పుడు రాయ్‌పూర్‌లో వానలు, గాలిలో చెమ్మ. జిగురు త్వరగా ఆరదు. కార్డును రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టడం మంచిది. తడి జిగురులో ఒక మేలు కూడా ఉంది, కొన్ని క్షణాల పాటు కాగితాన్ని జరిపి సరిచేసుకోవచ్చు. డబుల్ సైడ్ టేపు ఆ అవకాశం ఇవ్వదు. అది వాడేవాళ్లు పైకాగితాన్ని కొసల్లో మాత్రమే కొంచెం ఒలిచి, కార్డును సరిచూసుకుని నొక్కి, ఆ తరువాతే మిగతాది లాగాలి.

ఇంతా చెప్పాక కొందరు అడుగుతారు: "ప్రేమగా ఇస్తే చాలదా? ఈ కొలతలన్నీ ఎందుకు?" ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. యునిసెఫ్ సంస్థ మొదటి గ్రీటింగ్ కార్డు 1949లో వచ్చింది. దాని మీది బొమ్మ వేసింది చెకోస్లోవేకియాకు చెందిన జిట్కా సామ్కోవా అనే ఏడేళ్ల పాప. యుద్ధం తరువాత తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా, కాగితం దొరకక గాజు మీద వేసిందట. స్తంభం చుట్టూ ఆడుతున్న పిల్లల బొమ్మ అది. ఆ పాప చేతిలో స్కేలు ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఒకటో తరగతి చెల్లాయి ఇచ్చిన వంకర కార్డును సరిచేయబోతే అది మన తప్పే.

అయితే ఏడేళ్ల పాప సంగతి వేరు, పదమూడేళ్ల మన సంగతి వేరు. తిన్నగా అంటించడం తెలిసినవాడు కావాలనుకుంటే ఒక పొరను ఏటవాలుగా పెట్టి అందం తేగలడు. తెలియనివాడికి ఆ ఎంపిక లేదు. వాడి కార్డు ఎలా వస్తే అలా ఒప్పుకోవాల్సిందే. సంక్రాంతికి మన ఇళ్ల ముందు అమ్మ ముందుగా చుక్కలు పెట్టి, ఆ తరువాతే గీత లాగుతుంది. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ వరకు రైలు మార్గం పూర్తయ్యాక ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్ల వెంట ఆ చుక్కలూ వచ్చాయి. మన ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగు వాళ్లు పండుగ నాడు బియ్యప్పిండితో చౌక్ పూరించేటప్పుడూ అంతే, నాలుగు వైపులూ సరిసమానంగా వచ్చేలా వేస్తారు. చుక్కలు పెట్టినంత మాత్రాన ఆ ముగ్గులో ప్రేమ తగ్గిపోయిందా? ఎదుటివారి కోసం కొలిచి చేయడం కూడా ప్రేమే.

అసలు బాధ మరొకటి. పోటీ ప్రకటించి, కార్డు ఇంటి దగ్గర చేసి తెమ్మంటే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. రాత్రి పదకొండింటికి అమ్మో నాన్నో కూర్చుని అంటిస్తారు. పిల్లవాడు పక్కన నిద్రపోతుంటాడు. మరునాడు బల్ల మీద తళతళలాడే కార్డుకు బహుమతి వస్తుంది. తనంతట తాను కష్టపడి చేసిన పిల్ల కార్డు వెనక వరుసలో ఉండిపోతుంది. గెలిచిన పిల్లవాడికి ఆ గెలుపు తనది కాదని తెలుసు. ఓడిన పిల్లకు చేయి తిరగదన్న అపోహ మిగులుతుంది. ఇద్దరికీ నష్టమే. ఇంట్లో ఖరీదైన కాగితం, కటింగ్ పరికరాలు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా ఉండనే ఉంది.

అందుకే గురువులకు నాది సవినయంగా ఒక విన్నపం. పోటీకి వారం ముందు ఒక్క పీరియడ్ కేటాయించి కోత, కొలత, 'ఎల్' అట్ట, జిగురు ఇవి చూపించండి. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి పది రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలని చెప్పింది. వాటిలో ఒక గంట దీనికి చాలు. పోటీ తరగతి గదిలోనే, అందరికీ ఒకే రకం కాగితంతో జరగాలి. ప్రతి ఒక్కరికీ పాడైతే వాడుకోవడానికి రెండో కాగితం ఇవ్వాలి. ఒక్క కాగితంతో భయపడుతూ చేసే చేయి తప్పకుండా వణుకుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నవంబరు 1 మనకు రెండు విధాలా పండుగ. 1956లో ఆంధ్రప్రదేశ్, 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది ఆ రోజే. ఈసారి ఆ రోజుకు ఒక కార్డు చేయండి. తెలుగులో ఒక పక్క, హిందీలో ఒక పక్క రాయండి. వెడల్పు అంచు పెట్టండి, అంచుకు రెట్టింపు తగ్గించడం మరచిపోకండి, పుస్తకాల కింద పెట్టి పొద్దున దాకా తీయకండి. వంకర వస్తే చేతిని తిట్టుకోవద్దు. స్కేలు తీసి ఎక్కడ తేడా వచ్చిందో కొలిచి చూడండి, అక్కడి నుంచే రెండో కార్డు మొదలవుతుంది.